పనికి వెళ్లిన బండే పందేనికీ వెళ్లింది

హాట్ రాడ్, అంటే వేగం కోసం మార్పులు చేసుకున్న పాత కారు, అనగానే చాలామందికి ఇవాళ గుర్తొచ్చేది ప్రదర్శన హాలులో తాడు కట్టి నిలబెట్టిన పాత ఫోర్డు. ముట్టుకుంటే మాసిపోయే రంగు, మరకే లేని క్రోమ్ ఇంజను, ట్రైలరు మీద వచ్చి ట్రైలరు మీదే వెళ్లిపోయే బండి. దాని చరిత్రను కూడా ఎక్కువగా రెండు దారుల్లోనే రాశారు. ఒకటి వేగం దారి: ఎండిన సరస్సుల మీద ఎవరు ఎంత వేగం అందుకున్నారన్న పట్టికలు. రెండోది అందం దారి: ఎవరు ఏ రేకును ఎక్కడ కోసి ఎంత సొగసుగా అతికారన్న వర్ణనలు. ఈ రెండింటి మధ్యా మరుగున పడిపోయిన సంగతి ఒకటుంది. హాట్ రాడ్ పుట్టింది రోజువారీ బండిగా. ఆదివారం సరదా ఎలా ఉన్నా, సోమవారం పొద్దున యజమానిని పనిలోకి చేర్చాల్సిన బండి అది. ఆ అవసరమే దాని ఆకారాన్నీ, అందులో వాడిన సామాన్లనూ, దాన్ని నడిపేవాడికి రావలసిన పనితనాన్నీ నిర్ణయించిందని నా వాదన. ఇందుకు రుజువులు పుస్తకాల్లో కన్నా ఆ బళ్ల అడుగునే ఎక్కువ దొరుకుతాయి.

ముందు కాలాన్నీ చోటునూ చూద్దాం. ఫోర్డు కంపెనీ 1908 నుంచి 1927 దాకా మోడల్ టీ కార్లు కోటిన్నర తయారుచేసింది. పైకప్పు గట్టిగా లేని రెండు సీట్ల రోడ్‌స్టర్ రకం ధర 1925 నాటికి 260 డాలర్లకు దిగింది. దాని తర్వాత వచ్చిన మోడల్ ఏ కార్లు 1927 చివర నుంచి నాలుగేళ్లలో 48 లక్షలకు పైగా రోడ్డెక్కాయి. 1932 మార్చి 31న ఫోర్డు మరో అడుగు వేసింది. ఎనిమిది సిలిండర్ల ఇంజనును ఒకే పోతగా పోసి, 65 గుర్రాల శక్తితో, సామాన్యుడు కొనగలిగే కారులో పెట్టింది. అప్పటిదాకా ఎనిమిది సిలిండర్లంటే ఉన్నవాళ్ల సంగతి. కానీ అవి ఆర్థిక మాంద్యం రోజులు. పద్దెనిమిది, ఇరవయ్యేళ్ల కుర్రాళ్లకు కొత్త కారు మాటే లేదు. లాస్ ఏంజలెస్ చూస్తే మైళ్ల కొద్దీ పరుచుకున్న ఊరు. పని ఒక కొసన, ఇల్లు ఇంకో కొసన. మంచు కురవని ఆ పొడి వాతావరణంలో పాత కార్ల రేకులు తుప్పు పట్టవు. పాత ఇనుము కొట్లలో మోడల్ టీ, మోడల్ ఏ బాడీలు గుట్టలుగా పడి ఉండేవి. ఒక ఫోర్డు సామాను ఇంకో ఫోర్డుకు చిన్నపాటి మార్పుతో సరిపోయేది. కొనలేనివాడు కూర్చుకున్నాడు. హాట్ రాడ్‌కు అసలు పునాది ఈ కొరతా, ఈ తుక్కూ, ఈ దూరాలూ.

పందేల కథ ఇక్కడే మొదలవుతుంది, నా వాదనకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కూడా ఆ కథలోనే ఉంది. లాస్ ఏంజలెస్‌కు ఉత్తరంగా సుమారు 100 మైళ్ల దూరంలో, మొహావే ఎడారిలో మ్యూరాక్ అనే ఎండిన సరస్సు ఉంది. బల్లపరుపుగా, సిమెంటు గచ్చులా గట్టిపడిన నేల. 1930ల మొదట్నుంచీ కుర్రాళ్లు అక్కడికి చేరి వేగం కొలుచుకునేవారు. 1937లో కొన్ని క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. మరుసటి ఏడాది మే నెలలో మ్యూరాక్‌లో తొలి పోటీ జరిపాయి. అయితే ఆ బళ్లు అక్కడికి చేరిందెలా? ఎక్కువ భాగం తమ చక్రాల మీదే. శనివారం పని ముగించి, కొండదారులు దాటుకుని, రాత్రంతా నడుపుకుంటూ వెళ్లేవారు. తెల్లవారాక సరస్సు ఒడ్డున మడ్‌గార్డులు విప్పేవారు, ముందు అద్దం తీసేవారు, హెడ్‌లైట్లు ఊడదీసేవారు, సైలెన్సరు గొట్టం తప్పించేవారు. పరుగు అయ్యాక సాయంత్రం మళ్లీ అవన్నీ బిగించుకుని ఇంటిదారి పట్టేవారు. బోల్టులు విప్పి పెట్టిన ఆ మడ్‌గార్డుల కుప్పే చెబుతుంది ఆ బండి స్వభావం ఏమిటో. పందెం కోసమే తయారైన బండికి ఊడదీయడానికి హెడ్‌లైట్లు ఎందుకుంటాయి?

విక్ ఎడెల్‌బ్రాక్ పేరు ఈ రంగంలో తెలియనివారుండరు. కాన్సస్ నుంచి కాలిఫోర్నియా వచ్చి, కార్ల మరమ్మతు షాపు పెట్టుకున్న మెకానిక్ ఆయన. 1938లో ఒక 1932 ఫోర్డు రోడ్‌స్టర్ కొన్నాడు. దానిలోనే షాపుకు వెళ్లేవాడు, దానితోనే సరస్సుకు వెళ్లేవాడు. రెండు కార్బరేటర్లు బిగించే ‘స్లింగ్‌షాట్’ మానిఫోల్డును ఆ బండి మీదే పరీక్షించి అమ్మకానికి పెట్టాడు. 1941లో అదే బండి రోజమండ్ అనే ఎండిన సరస్సు మీద గంటకు 121 మైళ్లు, అంటే మన లెక్కలో 195 కిలోమీటర్లకు దగ్గరగా పరుగెత్తింది. తర్వాతి తరాలు ఎడెల్‌బ్రాక్ పేరుతో కొన్న లక్షల కొద్దీ మానిఫోల్డులకు మూలం ఒక మెకానిక్ రోజూ తోలుకున్న కారు. ఇది యాదృచ్ఛికం అనుకోలేం. వారానికి ఆరు రోజులు ట్రాఫిక్‌లో నడిచే ఇంజను, పందెం ఇంజను ఎన్నడూ చెప్పలేని సంగతులు చెబుతుంది: నెమ్మదిగా కదిలేటప్పుడు పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు మసిబారుతున్నాయా, చల్లటి పొద్దున ఒక్క సెల్ఫుకే పలుకుతోందా, ఎండలో ఆగి ఆగి వెళ్తే నీళ్లు మరుగుతున్నాయా. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకున్న సామానే దుకాణంలో నిలబడింది.

ఇప్పుడు బండి అడుగున చూద్దాం. ఫోర్డు కార్లకు 1938 దాకా బ్రేకులు కడ్డీలతో లాగే రకం. 1939లో ఫోర్డు హైడ్రాలిక్ బ్రేకులకు మారింది. ఆ సామాను తుక్కు కొట్లకు చేరడం మొదలవగానే హాట్ రాడ్ కుర్రాళ్లు వాటి కోసం ఎగబడ్డారు. పాత ఫోర్డు ముందు ఇరుసుకు అవి పెద్దగా కోత లేకుండానే బిగుస్తాయి. ఎండిన సరస్సు మీద బ్రేకుతో పనేముంది? కాలు తీస్తే మైళ్ల కొద్దీ ఖాళీ నేల. బ్రేకు కావలసింది కూడలి దగ్గర, ముందు వెళ్తున్న బస్సు హఠాత్తుగా ఆగినప్పుడు. అలాగే కొలంబియా అనే రెండు వేగాల వెనక ఇరుసు ఒకటి ఉండేది. హైవే మీద ఇంజను అరవకుండా, పెట్రోలు తక్కువ తాగుతూ దూరాలు వెళ్లడానికి పనికొచ్చేది. దానికోసం వెతికినవాళ్లు దూరాలు నడిపేవాళ్లే. 1940ల చివర క్లబ్బులు జరిపిన ‘రిలయబిలిటీ రన్’లు కూడా ఈ కోవలోవే. ట్రాఫిక్ నియమాలు పాటిస్తూ, మామూలు రోడ్ల మీద, చెప్పిన దారిలో చెప్పిన సమయానికి చేరాలి. ముందుగా వచ్చినా మార్కులు పోతాయి. నమ్మకంగా నడిచే బండి ఎవరిదో తేల్చే పోటీ అది.

నమ్మకంగా నడిపించడం ఎంత పనో తెలియాలంటే ఫ్లాట్‌హెడ్ అని పిలిచే ఆ ఫోర్డు ఎనిమిది సిలిండర్ల ఇంజనును దగ్గరగా చూడాలి. దానిలో వాల్వులు పైన హెడ్డులో ఉండవు, సిలిండర్ల పక్కన బ్లాకులోనే ఉంటాయి. కాలిన పొగ బయటికి పోవాలంటే బ్లాకు మధ్య నుంచి, చుట్టూ ఉన్న చల్లటి నీళ్ల గదుల్ని దాటుకుని పోవాలి. పొగ వేడంతా నీళ్లకు ఎక్కుతుంది. అందుకే ఇది తొందరగా వేడెక్కే ఇంజనుగా పేరు తెచ్చుకుంది. 1936 దాకా నీళ్ల పంపులు కూడా హెడ్డుల మీద ఉండి, వేడినీళ్లను పీల్చే ఏర్పాటు. 1937 నుంచి ఫోర్డు వాటిని బ్లాకు ముందుకు దించింది. దీన్ని రోజూ నడిపేవాడు రేడియేటర్ ఎప్పుడూ శుభ్రంగా ఉంచుకోవాలి, పోతపోసినప్పుడు బ్లాకు లోపల మిగిలిన ఇసుకను తవ్వి తీయాలి, వాల్వుకూ సిలిండరుకూ మధ్య సన్నటి పగులు వచ్చిందేమోనని ఇంజను దించిన ప్రతిసారీ వెతకాలి. వాల్వు సందు సరిచేయాలంటే కంపెనీ ఇచ్చిన టాపెట్లకు మర ఉండదు. వాల్వు కాడ కొసను కొద్దికొద్దిగా అరగదీయాలి. మర తిప్పి సరిచేసుకునే టాపెట్లు బయట దొరకడం మొదలయ్యాక రోజువారీ బళ్లవాళ్లు వాటికి మారారు. డిస్ట్రిబ్యూటరు ఇంజను ముందు భాగంలో కిందుగా, ఫ్యాను వెనక దాక్కుని ఉంటుంది. పాయింట్ల మధ్య సందు అంగుళంలో వెయ్యికి 15 వంతులు. అక్కడికి చెయ్యి దూరదు కాబట్టి మొత్తం విప్పి, బల్ల మీద పెట్టి, సరిచేసి, మళ్లీ బిగించాలి. ఇక కరెంటు 6 వోల్టులే, అందులోనూ ప్లస్సు తీగ బాడీకి కలిపి ఉంటుంది. చలికాలపు పొద్దున సెల్ఫు నీరసంగా తిరుగుతుంది. వేసవిలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి ఇంజను ఆగిపోతుంది. వెయ్యి మైళ్లకోసారి ఆయిలు, ముందు చక్రాల కింగ్‌పిన్నులకు గ్రీజు. ఈ పనులన్నీ చదవడానికి విసుగ్గా ఉండొచ్చు. కానీ ఇవి చేతకాని కుర్రవాడికి హాట్ రాడ్ ఉండే అవకాశమే లేదు. మెకానిక్‌కు ఇచ్చే డబ్బుంటే వాడు మంచి కారే కొనుక్కునేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం ఈ రోజువారీ వాడకాన్ని ఆపలేదు కానీ గట్టిగా బిగించింది. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు జనానికి కార్ల తయారీ ఆగిపోయింది. అదే ఏడాది చివరికి దేశమంతా పెట్రోలు రేషను, గంటకు 35 మైళ్ల వేగ పరిమితి. మ్యూరాక్ సరస్సు సైన్యం చేతికి వెళ్లింది. ఇప్పటి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం అదే. సరస్సుల మీద పరుగెత్తిన కుర్రాళ్లు చాలామంది యుద్ధానికి వెళ్లారు. అప్పుడు వీడా ఆర్ అనే మహిళ, టైమింగ్ అసోసియేషన్‌లో పోటీపడిన తొలి స్త్రీ, వార్తాపత్రిక ఒకటి తయారుచేసి దూరదేశాల్లో ఉన్న ఆ కుర్రాళ్లకు ఉచితంగా పంపేది. హాట్ రాడ్ చరిత్రలో ఆమెకు దక్కాల్సినంత చోటు దక్కలేదని నేను గట్టిగా నమ్ముతాను. యుద్ధం ముగిశాక తిరిగొచ్చినవాళ్ల చేతుల్లో విమాన ఇంజన్లు విప్పి బిగించిన అనుభవం ఉంది, కొద్దిగా డబ్బుంది, బజారులో మాత్రం కొత్త కార్లు లేవు. మళ్లీ పాత ఫోర్డులే దిక్కయ్యాయి. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ ‘హాట్ రాడ్’ పత్రికను మొదలుపెట్టే నాటికి దానికోసం పాఠకులు సిద్ధంగా ఉన్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. వేగం కోసం కాకపోతే ఇంత శ్రమ ఎందుకు? మామూలు పాత కారు చాలదా? వేగం మీద మోజు లేదని నేను అనడం లేదు. అదే లేకపోతే ఈ బండికి పేరే ఉండేది కాదు. నేను చెప్పేది, ఆ మోజు చాలాకాలం రోజువారీ అవసరం విధించిన హద్దుల్లోనే పెరిగిందని. ఆ హద్దులు దాటినవాళ్లు వేరే దారి పట్టారు. 1946లో బిల్ బర్క్ యుద్ధ విమానం అడుగున తగిలించే పెట్రోలు ట్యాంకు కొని, దానికి చక్రాలు పెట్టి సరస్సు మీద పరుగెత్తించాడు. దాన్ని రోడ్డు మీద నడపడం ఎవరివల్లా కాదు. 1949లో యూటా రాష్ట్రంలోని బొన్‌విల్ ఉప్పు మైదానం మీద, 1950లో సాంటా ఆనా విమానాశ్రయంలో మొదలైన డ్రాగ్ పందేల్లో ఇలాంటి పందెం బళ్లు వేరుపడి పెరిగాయి. రోడ్డు బండి మాత్రం రోడ్డు మీదే మిగిలింది. ప్రదర్శనల సంగతీ మొదట్లో ఇంతే. 1950లో ఓక్లండ్ ప్రదర్శనలో ‘అమెరికాలో అతి అందమైన రోడ్‌స్టర్’ బహుమతి మొదటిసారి అందుకున్నది బిల్ నీకాంప్ 1929 ఫోర్డు. అదే బండి 1952లో ఎల్ మిరాజ్ సరస్సు మీద గంటకు 142 మైళ్ల వేగం అందుకుంది. తొలి అందాల బహుమతి పొందిన బండికి కూడా అద్దాల గది అక్కర్లేకపోయింది.

రెండో అభ్యంతరం ఆ రోజుల్లోని పత్రికలదీ పోలీసులదీ. హాట్ రాడ్ కుర్రాళ్లంటే వీధుల్లో అడ్డదిడ్డంగా తోలి జనాన్ని చంపేవాళ్లని రాశారు. రోడ్ల మీద పందేలు జరిగిన మాట, అందులో ప్రాణాలు పోయిన మాట నిజమే. దాన్ని కప్పిపుచ్చడం ఆ చనిపోయినవాళ్లకు అన్యాయం. కానీ దీనికి మందు కనిపెట్టింది బయటివాళ్లు కాదు. 1951లో వాలీ పార్క్స్ పెట్టిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్, 1954లో అది ఊరూరికీ పంపిన ‘సేఫ్టీ సఫారీ’ బృందం పందేలను వీధుల నుంచి తప్పించి కట్టుబాటున్న చోట్లకు తీసుకెళ్లాయి. తన బండిని తానే బ్రేకు నుంచి బేరింగు దాకా బిగించుకున్నవాడికి, అది విరిగితే మర్నాడు పనికి నడిచి వెళ్లాల్సినవాడికి, జాగ్రత్త నేర్పడం అంత కష్టం కాలేదు.

1955లో షెవర్లే కొత్త ఎనిమిది సిలిండర్ల ఇంజను తెచ్చింది. చిన్నది, తేలిక, చవక, వాల్వులు పైన ఉన్నది. పదేళ్లలో ఫ్లాట్‌హెడ్‌ను రోడ్డు మీద నుంచి దాదాపుగా తప్పించింది. 1970లో ఇలినాయ్ రాష్ట్రం పియోరియా ఊళ్లో మొదటి ‘స్ట్రీట్ రాడ్ నేషనల్స్’ జరిగినప్పుడు దేశం నలుమూలల నుంచి వందల బళ్లు చేరాయి. ఆ తర్వాత డిస్కు బ్రేకులు, ఆటోమేటిక్ గేర్లు, ఏసీలు వచ్చాయి. ఇలా అన్నీ మార్చేశాక ఇంక అది హాట్ రాడ్ ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. 1932 బాడీలో 1939 బ్రేకులు పెట్టినవాళ్లు చేసిందీ సరిగ్గా ఇదే కదా. తన కాలంలో అందుబాటులో ఉన్న మంచి సామాను తెచ్చి పాత బండిని ఇంకా నడిచేలా చేయడం ఈ సంప్రదాయానికి మూలం. నాకు ఇబ్బంది కలిగించేది వేరే ఉంది. అంతా కొత్త సామానే, కేటలాగులో చూసి కొని, ఇతరులతో కట్టించుకుని, ఏడాదికి రెండుసార్లు బయటికి తీసే బండి. దానిలో ఇంజను ఏదైనా, ఆ సంప్రదాయానికి మాత్రం అది దూరమే.

ఇక చివరి అభ్యంతరం, నేను ఎక్కువ గౌరవించేది: చరిత్ర విలువున్న బండిని రోజూ తిప్పితే అరిగిపోదా? భద్రంగా దాచడమే ధర్మం కాదా? కొన్ని బళ్లకు ఇది నిజం. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాముల రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు చాలా తక్కువ దూరం తిరగడమే దాని విశేషంగా చెబుతారు. ఊరేగింపు కోసం పుట్టిన సింహాసనం అది, దానికి ఆ భద్రతే తగింది. మన దేశపు చట్టమూ ఆ చూపుతోనే తయారైంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపు మారకుండా ఉన్న బండికే వింటేజ్ నమోదు దొరుకుతుంది, దాన్ని రోజువారీ పనులకు నడపకూడదు. ఆ లెక్కన హాట్ రాడ్ రెండు విధాలా అనర్హమే. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందరి కార్లకు పొగ పరీక్ష మినహాయింపు ఉంది కాబట్టి అక్కడ ఇలాంటి బండిని రోజూ తోలే వీలు ఇంకా మిగిలింది. ఆ వీలుకు మూల్యం ఉందని ఒప్పుకోవాలి. ఆ ఇంజన్ల పొగను శుద్ధి చేసే ఏర్పాటు లేదు, పాత రకం బ్రేకులకు ఒకటే గొట్టం, అది పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఊళ్లో అందరూ ఇవే నడపాలని వివేకం ఉన్నవాడెవడూ కోరడు. రెండు గదుల మాస్టర్ సిలిండరు, సీటు బెల్టు పెట్టుకోవడం చరిత్రకు ద్రోహమూ కాదు. కానీ రోజువారీ వాడకం కోసం పుట్టిన వస్తువు నుంచి ఆ వాడకాన్ని తీసేస్తే, మిగిలే రేకు ఎంత అసలుదైనా చరిత్రలో సగం పోయినట్టే. డోన్ స్పెన్సర్ 1932 రోడ్‌స్టర్ సంగతి చూడండి. 1940ల్లో ఆయన రోడ్డు మీద తిప్పిన బండి, ఆ తర్వాత చేతులు మారి నీల్ ఈస్ట్ దగ్గర ఏళ్ల తరబడి మామూలుగా నడిచిన బండి. 1997లో పెబుల్ బీచ్ కార్ల ప్రదర్శన మొదటిసారి హాట్ రాడ్‌లకు తలుపు తెరిచినప్పుడు మొదటి బహుమతి దానికే వచ్చింది. అన్నేళ్లు తిరగడం దాని విలువను ఏ మాత్రం తగ్గించలేదు.

దక్షిణ కాలిఫోర్నియాలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. లాస్ ఏంజలెస్‌లోని పీటర్సన్ ఆటోమోటివ్ మ్యూజియానికో, పొమోనాలోని వాలీ పార్క్స్ మ్యూజియానికో పిల్లల్ని తీసుకెళ్తే, రంగూ క్రోమూ చూసి వచ్చేయకండి. వంగి అడుగు భాగం చూడండి: బ్రేకు డ్రమ్ము ఏ ఏడాదిదో, గ్రీజు పెట్టే చోట్లు ఎక్కడున్నాయో, మడ్‌గార్డు బోల్టులు ఎన్నిసార్లు విప్పి బిగించినట్టు అరిగాయో. ఎల్ మిరాజ్ సరస్సు మీద సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషనే ఇప్పటికీ పోటీలు జరుపుతోంది. అక్కడికి సొంత చక్రాల మీద వచ్చిన పాత ఫోర్డు కనబడితే, ఎంత వేగం వెళ్తుందని కాకుండా, రోజూ ఎక్కడికి వెళ్తుందని యజమానిని అడగండి.